సరిచేయించిన గిటార్

పాత జపాన్ గిటార్లు సేకరించేవాళ్ల మధ్య 'లాసూట్ గిటార్' అన్న మాటకి గొప్ప విలువ ఉంది. 1970ల్లో జపాన్‌లో తయారైన గిబ్సన్ నకలు ఏది కనబడినా అమ్మేవాళ్లు ముందు ఆ మాటే ఎత్తుతారు. నకళ్లు అసలుని మించిపోయేసరికి అమెరికా కంపెనీ బెదిరి కోర్టుకెక్కిందనీ, జపాన్ వాళ్లు కేసు ఓడి వాటిని ఆపేశారనీ, అందుకే ఇవి అపురూపమనీ కథ. ఈ కథని నేను నమ్మాను. నమ్మి, దానికోసం ధర మీద ధర కట్టాను. నా తెలివితక్కువతనం అక్కడ మొదలైంది కాబట్టి అక్కడినుంచే చెబుతాను. అసలు చెప్పుకోవలసింది మాత్రం ఇంకొకటుంది, అది డబ్బుతో పోయే సంగతి కాదు.

జరిగింది ఇది. గిబ్సన్‌కి అప్పటి యజమాని అయిన నార్లిన్ కంపెనీ 1977 జూన్‌లో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ప్రతివాది ఎల్గర్ అనే సంస్థ. ఐబనెజ్ గిటార్లని అమెరికాలో అమ్మేది వాళ్లు. వాళ్ల వెనక ఉన్నది నగోయాలోని హోషినో గక్కి. తగువు గిటార్ మొత్తం గురించి కాదు, తల గురించి. బిరడాలు ఉండే హెడ్‌స్టాక్ పై అంచు గిబ్సన్‌లో తెరిచిన పుస్తకంలా మధ్యలో నొక్కుకుని ఉంటుంది. ఆ గీత మాది అన్నారు. ఐబనెజ్ వాళ్లు ఆ తలకట్టుని అంతకు ఏడాది ముందే మార్చేశారు. 1978 మొదట్లో ఇరుపక్షాలూ కోర్టు బయట రాజీపడ్డాయి. తీర్పూ లేదు, ఓటమీ లేదు. గ్రెకో, టోకై, బర్నీ, ఏరియా గిటార్లని ఇవాళ లాసూట్ పేరుతో అమ్ముతున్నారే, వాటిలో ఒక్కదాని పేరూ ఆ దావాలో లేదు. జపాన్‌లో నకళ్లు ఆగిపోనూ లేదు. టోకై తన గిబ్సన్ లెస్‌పాల్ నకలుని 1978లోనే మొదలుపెట్టింది. గ్రెకోలో జనం కళ్లకద్దుకునే 'సూపర్ రియల్' వరస ఆ తర్వాతదే. కోర్టు కాగితం ఒక్కటి చదివి ఉంటే తెలిసేది. నేను చదవలేదు. కథ బాగుంది, అది చాలనుకున్నాను.

అలాగని ఈ నకళ్ల మీద నా ప్రేమ ఆ కథ విని పుట్టింది కాదు. మత్సుమోతో అని నగానో కొండల మధ్య ఒక ఊరు. అక్కడ మత్సుమోకు అనే కర్మాగారం సింగర్ కుట్టుమిషన్లకి చెక్క పెట్టెలు చేసేది. అదే ఊళ్లో 1960లో ఫుజిగెన్ పెట్టారు. 1965లో అమెరికన్ వాద్యబృందం వెంచర్స్ జపాన్ వచ్చి వెళ్లాక కుర్రకారంతా ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చిలో పడింది. చెక్కపని తెలిసిన చేతులు ఊరినిండా ఉన్నాయి, కొనేవాళ్లు దేశమంతా ఉన్నారు. అటు అమెరికాలో గిబ్సన్ వాళ్లు లెస్‌పాల్ పాత ఆకారాన్ని 1961లో ఆపేసి 1968 దాకా మళ్లీ ముట్టుకోలేదు. సరిగ్గా ఆ మధ్యలోనే ఇంగ్లండ్‌లో ఎరిక్ క్లాప్టన్ లాంటివాళ్లు ఎక్కడెక్కడి పాత లెస్‌పాల్‌లు పట్టుకుని రికార్డులు చేశారు. అందరికీ అదే కావాలి. దొరకదు, దొరికినా కొనలేరు. ఆ ఖాళీలోకి వచ్చాయి జపాన్ నకళ్లు.

1970ల మొదట్లో వచ్చినవాటిని తీగల కింద నాదం పట్టే పికప్పుల మధ్య వేలి కణుపుతో కొట్టి చూడండి, డొల్లగా మోగుతాయి. గిబ్సన్‌లో మహాగని దిమ్మ మీద మేపుల్ చెక్క అంటించి పైభాగాన్ని ఉబ్బెత్తుగా చెక్కుతారు. ఈ తొలి నకళ్లలో పల్చటి ప్లైవుడ్‌ని అచ్చులో నొక్కి వంచి దిమ్మ మీద బిగించారు. దాని కింద ఉన్నది గాలి. మెడని జిగురుతో అంటించకుండా నాలుగు స్క్రూలతో బిగించి వెనక ఉక్కు రేకు వేశారు. రేకు మీద 'స్టీల్ అడ్జస్టబుల్ నెక్' అని, 'మేడిన్ జపాన్' అని ఉంటుంది. బయటి రూపం అచ్చు గుద్దినట్టు దిగింది. చూసి గీసినవాళ్ల పని అది, విప్పి చూసినవాళ్లది కాదు. ఆ దశాబ్దం ముగిసేసరికి అదే ఊరివాళ్లు గట్టి మేపుల్ పైచెక్కా, అంటించిన మెడా, పేరున్న అమెరికన్ పికప్పులకి దీటైన పికప్పులూ చెయ్యడం మొదలుపెట్టారు. ఆ ఎదుగుదల అంతా ఒక్కో గిటార్‌ని విప్పుతూ పోతే కళ్లకి కనిపిస్తుంది. అదే నన్ను పట్టేసింది.

లెక్కలు కూడా వాళ్లు దాచలేదు. గ్రెకో ఈజీ 500 అంటే యాభై వేల యెన్‌లు, ఈజీ 800 అంటే ఎనభై వేలు. మోడల్ నంబరే ధర. 1970ల నడిమినుంచి ఫుజిగెన్‌లో పుట్టినవాటికి సీరియల్ నంబరులో మొదటి అక్షరం నెల, తర్వాతి రెండంకెలు సంవత్సరం. ఎఫ్ 77 అని మొదలైతే అది 1977 జూన్‌ది. ఇలా పుట్టిన నెల చెప్పే గిటార్‌ని చేతిలో పట్టుకుంటే దింపబుద్ధి కాదు. చివరికి ఫెండర్ కంపెనీయే 1982లో కాండా షోకై, యమానో గక్కిలతో కలిసి ఫెండర్ జపాన్ పెట్టి, ఫుజిగెన్ చేత తన గిటార్లు చేయించుకుంది. ఆ కాండా షోకై ఎవరో కాదు, గ్రెకో పేరుతో నకళ్లు అమ్మినవాళ్లే.

ఇక నా చెయ్యి సంగతి. నాది పుర్రచెయ్యి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి నా కుడి చూపుడువేలు పట్టి ఓనమాలు దిద్దించారు. మర్నాటినుంచి బలపం ఎడమచేతిలోకి వెళ్లినప్పుడల్లా మా నాయనమ్మ మెత్తగానే తీసి కుడిచేతిలో పెట్టేది. బడిలో అంత మెత్తగా జరగలేదు. అన్నం సంగతి చెప్పనక్కర్లేదు. ఇవాళ నేను కుడిచేత్తో రాస్తాను, కుడిచేత్తో తింటాను. బంతి విసరడం, సుత్తి కొట్టడం, కత్తెర పట్టడం ఎడమచేత్తో. నా రాత చక్కగా ఉంటుందని అందరూ అంటారు. నాకు మాత్రం అది ఎవరో నేర్పిన రాతలాగే కనిపిస్తుంది. మా నాయనమ్మ మీద నాకు కోపం లేదు. పెళ్లిపందిట్లో, పంక్తిలో, గుళ్లో నలుగురి ముందూ నేను మాటపడకూడదని ఆవిడ తాపత్రయం.

కాలేజీ రోజుల్లో ఇంటికి వచ్చిన మొదటి గిటార్ కలకత్తాలో చేసిన గివ్‌సన్. పేరులో ఒక్క అక్షరం తేడా, అదీ నకళ్ల వంశమే. దాన్ని ఎవరూ చెప్పకుండానే నా చేతులు తిప్పి పట్టుకున్నాయి. తిప్పి పట్టుకోవడం తేలిక, తీగలు తిరగేసి కట్టడమూ తేలికే. ఆ తర్వాత మొదలవుతాయి ఇబ్బందులు. లావు తీగ మందం మిల్లీమీటరు పైచిలుకు, సన్నతీగది అందులో సుమారు పావు వంతు. మెడ చివర తీగలు ఆనే నట్ మీద గాట్లు దేనికదే కొలిచి కోసి ఉంటాయి. తిరగేసేసరికి సన్నతీగ వెడల్పు గాటులో పడి జరజరలాడుతుంది, లావు తీగ ఇరుకు గాటులోకి దిగక పైనే నిలబడిపోతుంది. అకూస్టిక్ గిటార్‌కి బ్రిడ్జి మీద శాడిల్ ఏటవాలుగా ఉంటుంది, లావు తీగకి కాస్త ఎక్కువ నిడివి కావాలని. తిరగేస్తే ఆ వాలు తప్పు దిక్కున పడుతుంది. మొదటి ఫ్రెట్లలో సవ్యంగా పలికిన శ్రుతి పన్నెండో ఫ్రెట్‌కి వెళ్లేసరికి తప్పిపోతుంది. ఏళ్ల తరబడి నా చెవే చెడ్డదనుకున్నాను. చెవి బాగానే ఉంది. శాడిల్ ఎదురు తిరిగి ఉంది.

ఈ ఇబ్బందినే సొగసు చేసుకున్నవాళ్లున్నారు. జిమీ హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ని తిప్పి, తీగలు తిరగేసి వాయించాడు. దాంతో బ్రిడ్జి దగ్గరి ఏటవాలు పికప్పులో లావు తీగ వైపు బ్రిడ్జికి దగ్గరైంది, ఆ తీగల నాదం బిగువెక్కింది. ఆల్బర్ట్ కింగ్ తీగలు మార్చనే లేదు. సన్నతీగ పైన, లావు తీగ కింద. అందరూ పైకి తోసే తీగని ఆయన కిందికి లాగేవాడు. ఎలిజబెత్ కాటన్ చిన్నతనంలో అలాగే తలకిందులుగా నేర్చుకుంది. అందరూ వేళ్లతో పలికించే పాట ఆవిడ బొటనవేలి మీద పలికేది, మంద్రం వేళ్ల మీద. పాల్ మెకార్ట్నీ హోఫ్నర్ బేస్‌ని ఎంచుకోవడానికి ఒక కారణం, దాని ఒళ్లు రెండువైపులా ఒకేలా ఉండి తిప్పినా వికారంగా కనబడకపోవడం. కర్ట్ కొబేన్ చేతిలో ఉన్న యూనివాక్స్ హైఫ్లయర్ అయితే పూర్తిగా నా దారిది: మోస్‌రైట్ గిటార్‌కి జపాన్ నకలు, దాన్ని మళ్లీ ఎడమచేతికి తిప్పుకున్నాడు.

ఉద్యోగం మీద టోక్యో వచ్చి, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో దిగాక, చేతికి డబ్బు వచ్చింది, ఒచనోమిజు దగ్గరైంది. ఆ వీధిలో ఎటు చూసినా గిటార్ల దుకాణాలే. ఊళ్లలోని పాతసామాన్ల దుకాణాల్లో 'జంక్' మూల ఉంటుంది. పనిచేస్తుందో లేదో మేం చెప్పం, మీ ఇష్టం అని చీటీ కట్టి పెడతారు. ఎడమచేతికి మార్చిన వింత గిటార్లు నాకు దొరికింది ఎక్కువగా ఆ మూలల్లోనే. ఒక బేస్‌కి పట్టీ తగిలించడానికి కొమ్ము చాలలేదని టేకు ముక్కతో కొమ్ము పొడిగించారు. ఒక క్లాసికల్ గిటార్‌కి శాడిల్ గాడిని పూడ్చి ఎదురువాలుగా కొత్త గాడి తవ్వారు. ఒకటి కర్మాగారంలోనే ఎడమచేతికి చేసినది, కానీ లోపల పొటెన్షియోమీటర్లు కుడిచేతివే వేసి వైర్లు తిరగేసి అతికారు. నాబ్ తిప్పితే సున్నా దగ్గర కాస్త కదపగానే శబ్దం ఒక్కసారిగా లేస్తుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు.

జపాన్‌లోనూ పిల్లల ఎడమచేతిని కుడికి మార్పించేవారు, కుంచె రాత కుడిచేత్తోనే నేర్పేవారు. 1973లో మెగుమి అసావోకా పాడిన పాటొకటి దేశమంతా మోగింది, తన ప్రియుడు ఎడమచేతివాటం వాడని మురిసిపోయే అమ్మాయి పాట. అది వచ్చిన కాలంలోనే ఏదో ఊళ్లో ఎవరో ఒకడు తన కుడిచేతి గిటార్ ముందు రంపం పట్టుకుని కూర్చున్నాడన్నమాట. కొత్తది కొనే స్తోమత లేదు, చెయ్యి మార్చుకోవడం ఇష్టం లేదు. ప్రతి గిటార్‌లోనూ నాకు ఆ మనిషి కనిపించేవాడు. అందుకే కొన్నాను, కొంటూ పోయాను.

ఎప్పుడో ఒకప్పుడు నా చూపు మారిపోయింది. ఏ నాడని చెప్పలేను. సేకరించేవాళ్లతో మాటలు పెరిగాయి. ఈ నాబ్ అసలుదేనా, ఈ స్క్రూ ఎప్పటిది, పికప్పు అడుగు రేకు మీద అచ్చు ఉందా, కేసు దానితో పుట్టినదేనా అని ఆరా తీసే కన్ను వచ్చింది. ఆ కన్ను మంచిదే, అది లేకపోతే మోసపోతాం. కానీ అది వచ్చాక వాయించడం తగ్గింది. గోడకి వరసగా తగిలించాను, తలలన్నీ ఒకే ఎత్తులో ఉండేలా. ఇంటికి వచ్చినవాళ్లు బాగున్నాయంటే ఏ నెలలో పుట్టిందో చెప్పేవాణ్ని. ఒక పాట వాయించు అంటే ఇంకోసారి చూద్దామనేవాణ్ని.

ఆ రోజుల్లో దొరికింది ఆ నల్ల గ్రెకో. 1970ల తొలినాళ్లది, ప్లైవుడ్ పైభాగంది. కేసు లేకుండా గోడకి ఆనించి ఉంది. దూరంనుంచి చూస్తే ఏ మోడలో అర్థం కాలేదు. లెస్‌పాల్‌కి మెడ పక్కన ఒకవైపే భుజం కోసి ఉంటుంది, పై ఫ్రెట్లకి చెయ్యి వెళ్లడానికి. తిప్పి పట్టుకుంటే ఆ కోత పైకి పోతుంది, కొయ్యని భుజం కిందికి వచ్చి అరచేతికి అడ్డం పడుతుంది. దీన్ని వాడినతను ఆ రెండో భుజాన్ని కూడా కోసేశాడు. కొయ్యగానే లోపలి డొల్ల బయటపడి ఉంటుంది. దానికి సరిపడా చెక్కముక్క మలిచి, వంపుకి వంపు కలిసేలా అంటించి, అంచుకి తెల్ల బైండింగ్ బదులు సన్నటి వెదురు పేడు వంచి వేశాడు. గోరు పెట్టి రాస్తే అతుకు తగల్లేదు.

బ్రిడ్జి స్తంభాల పాత కన్నాలు పూడ్చి, లావు తీగ కొత్తగా వచ్చిన వైపు కాస్త వెనక్కి జరిపి మళ్లీ వేశాడు. మెడ అంచున వాయించేవాడు చూసుకునే చుక్కలుంటాయి కదా, తిప్పితే అవి అవతలి అంచుకి పోతాయి. ఇవతలి అంచున ఇత్తడి గుండుసూదుల తలలు దించి సాపుగా అరగదీశాడు, పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు. మొదటి మూడు ఫ్రెట్లు తీగల కింద పల్లం పడి ఉన్నాయి. ఎడమ మోచెయ్యి ఆనే చోట నల్ల రంగు పోయి, పాలిష్ పోయి, చెక్క తేలింది. వెనక మూత విప్పితే లోపల పెన్సిలుతో 'ఎడమ' అనే జపనీస్ అక్షరం, దాని కింద షోవా 54 అని ఉంది. 1979 అన్నమాట. పేరు లేదు.

ఇంటికి తెచ్చి తీగలు వేసి వాయించాను. పై ఫ్రెట్లకి నా చెయ్యి ఎక్కడా తగలకుండా వెళ్లింది. నా దగ్గరున్న వాటిలో నా చేతికి అంత అనువుగా కుదిరింది మరొకటి లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసి చేశాను కాబట్టే ఇది చెప్పుకోవడం కష్టంగా ఉంది.

దాన్ని గోడకి తగిలించాను. వరసలో అదొక్కటే తేడాగా కనబడింది. రెండు భుజాలూ కోసి, రంగు పోయి, పక్కనున్న వాటి ముందు గాయపడ్డట్టు ఉంది. దాన్ని గిటార్లు మరమ్మతు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి, కర్మాగారంలోంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలా చెయ్యమన్నాను.

ఆయన చాలాసేపు తిప్పి చూశాడు. "మీరు కుడిచేత్తో వాయిస్తారా?" అని అడిగాడు.

"లేదండీ, ఎడమచేత్తోనే."

"ఇది ఎడమచేతికి బాగానే ఉందండీ. ఈ పని చేసినతను ఓపికస్తుడు."

"అసలు రూపం రావాలండీ నాకు."

మళ్లీ రంగు వేస్తే సేకరించేవాళ్ల లెక్కలో ధర ఇంకా పడుతుందని కూడా ఆయనే చెప్పాడు. అదీ నాకు తెలుసు. పైగా కూలి గిటార్ ధరని మించింది. లాభం లేదు, వాడకం లేదు. అయినా వద్దనలేదు. వరసలో తేడాగా ఉన్నదాన్ని వరసలో కలపాలనిపించింది, అంతే. ఆయన తల వంచి చీటీ రాసుకున్నాడు.

తిరిగి వచ్చినప్పుడు అది మచ్చలేని నల్ల గ్రెకో. రెండో భుజం నిండింది, ఇత్తడి చుక్కలు పోయాయి, బ్రిడ్జి పాత చోటుకి వచ్చింది. తీసేసిన వాటిని ఆయన పారెయ్యలేదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇస్తూ, అందులోంచి నట్ తీసి అడుగు చూపించాడు. ఎముక మీద సగం అరిగిన ఆకుపచ్చ గీతలు. పాత మాజాంగ్ బిళ్లని కోసి చేసిన నట్ అది. ఆరు గాట్లూ ఆకురాయితో ఒక్కోదాన్నీ తీగ మందానికి తగ్గట్టు తీశాడు. నేను చూసి బాగుందన్నాను, సంచి జేబులో వేసుకున్నాను. తర్వాత ఇల్లు మారినప్పుడు ఆ సంచి పోయింది. పనికి ఇవ్వకముందు ఒక్క ఫొటో అయినా తియ్యలేదు. 1979లో పెన్సిలుతో రాసిన అక్షరం ఉండాలి, మూత కింద రంగు వెయ్యరు కదా అనుకుని విప్పి చూశాను. కొత్త రంగుకి ముందు లోపల కూడా శుభ్రంగా అరగదీశారు. అడిగింది నేనే: కర్మాగారంలోంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలా.

వెదురు పేడు, ఇత్తడి చుక్కలు, మాజాంగ్ బిళ్ల అని ఇంత వివరంగా రాస్తున్నది అందుకే. ఆ మనిషి పని ఇప్పుడు ఇంకెక్కడా లేదు.

నేను చేసిందేమిటో అప్పటికీ నాకు పూర్తిగా తట్టలేదు. మా పక్క అపార్ట్‌మెంట్‌లో గుంటూరునుంచి వచ్చిన కుటుంబం ఉంది. అతను నన్ను అన్నా అంటాడు. ఒక ఆదివారం వచ్చి కూర్చుని, "అన్నా, మావాడు నా గిటార్‌ని ఎడంచేతి వాటంగా పట్టుకుంటున్నాడు. చిన్నప్పుడే కుడికి మార్చేస్తే వాడికే సుఖం కదా? రేపు క్లాసులో చేరిస్తే మాస్టారు ఒప్పుకోరేమో," అన్నాడు. వద్దు, వాడి చేతిని అలాగే ఉండనియ్యి అనబోయాను. ఎదురుగా గోడ మీద నల్ల గ్రెకో ఉంది. నా నోట మాట రాలేదు. బలపం తీసి కుడిచేతిలో పెట్టిన నాయనమ్మకైనా ఒక కారణం ఉంది, నేను నలుగురిలో మాటపడకూడదని. నా దగ్గర ఆ పాటి కారణం కూడా లేదు. చెయ్యి మార్చుకోనని మొండికేసిన ఒక మనిషి చేసుకున్నదాన్ని నేను కూలి ఇచ్చి మరీ కుడిచేతికి మార్పించాను. నా చెయ్యికి జరిగినదాని మీద ఇన్నేళ్లు బాధపడ్డవాణ్ని నేనే, ఈ పని చేసిందీ నేనే.

అతనికి నా గొడవ చెప్పలేదు, అడిగినదానికి మాత్రం ఆలోచించి చెప్పాను. కుడిచేత్తో నేర్చుకోవడం తప్పేమీ కాదు. మార్క్ నాప్‌ఫ్లర్ ఎడమచేతివాటం మనిషే, గ్యారీ మూర్ కూడా. ఇద్దరూ కుడిచేతి గిటార్లే వాయించారు, వాళ్లకి ఏ లోటూ రాలేదు. కుడిచేతివి ఎక్కడికెళ్లినా దొరుకుతాయి, ఎవరింట్లో ఉన్నా తీసుకుని వాయించొచ్చు. ఎడమచేతివి దుకాణంలో ఓ మూల నాలుగుంటాయి, అవే కొనుక్కోవాలి. ఇదంతా నిజమే. అయినా వాడు తనంతట తాను ఎలా పట్టుకుంటున్నాడో ముందు చూద్దాం, తీసుకురా అన్నాను.

పిల్లాడు వచ్చాడు. వాళ్ల నాన్న గిటార్‌నే తెచ్చాడు, కుడిచేతిది, తీగలు మార్చనిది. తిప్పి పట్టుకుని, సన్నతీగ పైన ఉండగానే, వీడియోల్లో చూసిన ఏదో సినిమా పాట పల్లవి ఒక్కో స్వరంగా వాయించాడు. లయ తప్పలేదు. నా చెయ్యి అప్పటికే సొరుగులో ఉన్న కటింగ్ ప్లయర్ మీదికి వెళ్లింది, తీగలు విప్పి సరైన వరసలో కట్టిద్దామని. "ఒరే, తీగలు తిరగేసి కడితే నీకు హాయిగా ఉంటుంది," అన్నాను. "నాకు ఇలాగే బాగుంది పెదనాన్నా," అన్నాడు. ప్లయర్ లోపల పెట్టేశాను.

గోడ మీదివి ఒక్కొక్కటే దింపుతున్నాను. ఎడమచేతికి మార్చినవి మాత్రం ఉంచుకుని, ఏ కన్నం ఎక్కడుందో, ఏ చెక్క ఎందుకు అతికారో ముందూ వెనకా ఫొటోలు తీసి నోటుబుక్కులో రాస్తున్నాను. వాటికి తీగలు వేశాను. నల్ల గ్రెకోని కుడిచేతి వాయిద్యగాడికి ఇచ్చేశాను, రెండో భుజం సంగతి మొత్తం చెప్పి. దాన్ని మళ్లీ కోయించి ఎడమచేతికి తిప్పించొచ్చు కదా అన్నాడొక మిత్రుడు. కోయించొచ్చు, ఆ పని చేసే చెయ్యి నాది కాదు, షోవా 54లో అక్షరం రాసినతనిదీ కాదు.

పిల్లాడు ఆదివారాలు వస్తాడు. వాడి పట్టులో సీ కార్డు, జీ కార్డు వేలి అమరిక నాకు తెలిసినది కాదు, ఏ పుస్తకంలో బొమ్మ చూసినా వాడికి పనికిరాదు. అందుకని ఏ స్వరం ఏ తీగ మీద ఉందో ఇద్దరం వెతుక్కుని, వాడి వేళ్లకి అందేలా కార్డు కట్టుకుంటున్నాం. సీ, జీ, ఏ మైనర్ కుదిరాయి. ఎఫ్ దగ్గర ఇంకా తేలలేదు. మెడ పైనుంచి బొటనవేలు దించి సన్నతీగని మొదటి ఫ్రెట్‌లో నొక్కితే వస్తుందేమో చూడాలి, వాడి బొటనవేలు ఇంకా అంత దూరం అందడంలేదు.